నామినీ గడి

(హొసకోటె శాఖ సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు సంగతి అధ్యక్షులవారు చెప్పారు. కాంట్రాక్టు కార్మికుల కూలి రేట్ల సంగతి కోశాధికారి చెప్పారు. ఎజెండాలో ఆఖరున 'ఇతర విషయాలు' అని ఉంది చూడండి, అది నాది. ఇది మనం ఏ డిమాండ్ల పత్రంలోనూ రాయని విషయం. గేటు మీటింగుల్లో ఎత్తని విషయం. ఎత్తినా నవ్వులాటకే ఎత్తిన విషయం. పెళ్లి చేసుకోవాలని ఉండి, కాక, ఒంటరిగా బతుకీడుస్తున్న మన సభ్యుల సంగతి. పెళ్లే వద్దనుకున్నవాళ్ల జోలికి నేను పోను, అది వాళ్ల ఇష్టం. కావాలనుకుని దొరకనివాళ్ల గురించే మాట్లాడతాను.

మొన్న సంక్రాంతి ముందు మన సభ్యుడొకరు రూములో చనిపోయారు. పేరు చెప్పను. ముందు వరుసల్లో కూర్చున్న చాలామందికి తెలుసు. వయసు నలభై మూడు. రింగ్ ఫ్రేముల మీద పని. పందొమ్మిదేళ్లలో మూడు మిల్లులు, నలుగురు కాంట్రాక్టర్లు మారాడు. తెగిన దారం అతికించడంలో అతని వేళ్లకు సాటి లేదు. మొదటిరోజు పనికి రాలేదు. ఊరికి పోయుంటాడులే అనుకున్నాడు మేస్త్రి. రెండోరోజూ రాలేదు. కాంట్రాక్టరు మనిషి మస్టరులో పేరు మీద గీత గీశాడు. మూడోరోజు ఇంటి యజమానురాలు తలుపు కొట్టింది. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఎప్పుడు ఆగిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

దహనం అయ్యాక పీఎఫ్ కాగితాలు వెతికాము. నామినీ గడిలో వాళ్లమ్మ పేరుంది. ఆమె చనిపోయి ఎనిమిదేళ్లయింది. మనిషి పోయాడని కబురు చెప్పడానికి కూడా మా దగ్గర ఒక పేరు లేదు. రెండు రోజులు వెతికితే మదనపల్లె దగ్గర ఒక చెల్లెలు ఉందని తెలిసింది. నా అనేవాళ్లు లేని బతుకు ఎట్లా ఉంటుందో ఆ కాగితం చూసినప్పుడు నాకు తెలిసింది.

ఇక్కడ నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట ఉగాదికి మనం పెట్టుకున్న కార్యక్రమంలో మైకు నా చేతిలో ఉంది. అతను భోజనాల దగ్గర వడ్డిస్తున్నాడు. "ఏమయ్యా, అందరికీ వడ్డించడమేనా, నీ పెళ్లి భోజనం మాకెప్పుడు?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. వెనక నుంచి ఎవరో "ముదురు బెండకాయ" అన్నారు. అతనూ నవ్వాడు. ఆ తర్వాత చందా ఇచ్చాడే గానీ ఒక్క మీటింగుకూ రాలేదు. పని ఒత్తిడి అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, అతన్ని యూనియన్ గడప దాటించింది యాజమాన్యం కాదు, నేను.

మిత్రులారా, పెళ్లికాని మగవాణ్ని చూస్తే మన నోటికి రెండే మాటలొస్తాయి. ఒకటి ఎగతాళి, రెండోది జాతకం. కుజదోషమనో, రాత అనో, మనిషిలోనే ఏదో లోపముందనో అంటాము. రాతే అయితే, మన శాఖలో ఒక్క కాంట్రాక్టు వాళ్లకే ఆ రాత ఎందుకు పట్టింది? పర్మినెంటు వాళ్లలో పెళ్లికాని నడివయసు మనిషిని నాకు చూపించండి. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ దోషం గ్రహాలది కాదు. మస్టరు రోలుది.

నేను పెద్దమనిషిగా నాలుగైదు పెళ్లిచూపులకు పోయాను. ఒకసారి చింతామణి దగ్గర ఒక పల్లెకు పోయాము. అమ్మాయి తండ్రి మర్యాదగానే అడిగాడు, "మీవాడు ఏ కంపెనీలోనండీ?" అని. నాకు జవాబు తెలియలేదు. పని చేసేది ఒక మిల్లులో. జీతం ఇచ్చేది ఇంకొకరు. మెడలో కార్డు మీద ఉన్నది మూడో పేరు. "వచ్చే ఏడు ఇదే పని ఉంటుందా?" అన్నాడు. దానికీ జవాబు లేదు. "కాపురం ఎక్కడ పెడతాడు?" అన్నాడు. పిళ్లగుంపె దగ్గర రూము, నలుగురుంటారు, షిఫ్టు దిగినవాడు లేచినవాడి చాప మీద పడుకుంటాడు అని ఎట్లా చెప్పేది?

అప్పుడు ఆ పిల్లే బయటికొచ్చింది. "పెద్దాయనా, నేనూ గార్మెంట్సులో మిషను తొక్కుతున్నాను. పొద్దున ఆరుకు బండెక్కితే రాత్రి ఎనిమిదికి దిగుతాను. పెళ్లయితే నా జీతమూ, నా చాకిరీ రెండూ వాళ్లవే. కొళాయి దగ్గర బిందెతో పోట్లాడే బతుకు ఇక్కడా ఉంది, అక్కడికెందుకు రావాలి?" అంది. మావాడు తలదించుకున్నాడు. నాకు మాత్రం కోపం రాలేదు. ఆ అమ్మాయి కాదన్నది ఆ కుర్రాణ్ని కాదు. ఉద్యోగ భద్రత లేదు, ఇల్లు లేదు, గౌరవం లేదు, వాటిని కాదంది. మనం గేటు దగ్గర జెండా పట్టుకుని కాదంటున్నవీ అవే కదా!

పని గంటల సంగతి కూడా చూడండి. 2023లో కర్ణాటక శాసనసభ ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజుకు పన్నెండు గంటల పనికి దారి తెరిచింది. వారానికి నలభై ఎనిమిది గంటలు దాటదు కదా అని సమర్థించారు. పన్నెండు గంటలు మగ్గాల మోతలో నిలబడినవాడు ఎవరితో మాట్లాడతాడు? ఎవరి ఇంటికి పోతాడు? వారం సెలవు ఒకడికి మంగళవారం, పక్కవాడికి శుక్రవారం. ఒకే రూములో ఉండి నెలకు ఒక్కసారి కూడా కలిసి అన్నం తినని వాళ్లున్నారు. మన హొసకోటెలో ఆదివారం తెల్లవారకముందే బిర్యానీ కోసం జనం బారులు తీరతారు. బెంగళూరు నుంచి కార్లలో జట్లు జట్లుగా వస్తారు. ఆ వరుసలోనే మనవాడు ఒక్కడే నిలబడి, ఒక పొట్లం కట్టించుకుని, తలుపు వేసుకుని తింటాడు.

ఇది హొసకోటె ఒక్కదాని సంగతి కాదు. 2023 ఫిబ్రవరిలో మండ్య జిల్లా కె.ఎం.దొడ్డి నుంచి మలె మహదేశ్వర కొండకు పెళ్లికాని రైతు యువకులు పాదయాత్ర చేశారు. ముప్ఫై దాటినా పిల్లనిచ్చేవాళ్లు లేరు, దేవుడే దారి చూపాలని వంద కిలోమీటర్లకు పైగా నడిచారు. అంతకు రెండు నెలల ముందు, 2022 డిసెంబరులో, మన తెలుగు పద్మశాలీలు తరతరాలుగా మగ్గాలు నడిపిన షోలాపూరులో పెళ్లికాని మగవాళ్లు పెళ్లికొడుకుల వేషాలు వేసుకుని కలెక్టరాఫీసుకు ఊరేగింపుగా పోయారు. 2023 ఏప్రిల్‌లో మన పక్క కోలారులోనే ఎన్నికల సభలో కుమారస్వామిగారు రైతుబిడ్డను పెళ్లాడే అమ్మాయికి రెండు లక్షలు ఇస్తామన్నారు. అదే సంవత్సరం హర్యానా ప్రభుత్వం 45 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న, ఆదాయం తక్కువ ఉన్న అవివాహితులకు నెలకు 2,750 రూపాయల పింఛను ప్రకటించింది.

అంటే ప్రభుత్వాలకూ తెలిసింది. కానీ ఇవి రోగానికి మందులేనా? అమ్మాయిలు రేషను సరుకు కాదు, కార్డుకు ఒకరు చొప్పున పంచడానికి. షోలాపూరులో ఊరేగినవాళ్లు ఒక్క మాట మాత్రం సరిగ్గా అడిగారు. గర్భంలో ఆడపిల్లను చంపేవాళ్లను పట్టుకోండి అన్నారు. దేశంలో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 1991లో 945 మంది. 2001 నాటికి 927. 2011లో ఇంకా తగ్గారు. గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పడం నేరమని 1994లోనే చట్టం వచ్చింది. అయినా 2023 చివర్లో బెంగళూరు పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నప్పుడు ఏం బయటపడింది? మండ్య దగ్గర బెల్లం వండే ఆలెమనెలో స్కానింగు మిషను పెట్టి ఆడపిల్లలను ఏరేస్తున్నారని! బెల్లం బట్టీలో ఆడపిల్లలను మాయం చేసి, అదే జిల్లా నుంచి పెళ్లికూతురి కోసం కొండకు నడిస్తే ఏ మహదేశ్వరుడు దిగొస్తాడు? ఆ నడిచిన కుర్రాళ్లను తప్పుపట్టడం లేదు. పెద్దలు చేసిన పాపం వాళ్ల నెత్తిన పడింది.

కట్నం సంగతి చెప్పాలా? 1961లోనే నిషేధించారు. కట్నానికి భయపడి ఆడపిల్ల వద్దన్నారు. ఇప్పుడు పిల్ల లేదని ఏడుస్తున్నారు. కూతురికి కట్నం ఇవ్వలేక అప్పులపాలైనవాడే కొడుకు దగ్గరికి వచ్చేసరికి లెక్క తీస్తాడు. చైనాలో కూడా ఇదే జరిగింది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ ఆడవాళ్లకంటే మగవాళ్లు దాదాపు మూడున్నర కోట్లు ఎక్కువ తేలారు. అక్కడ పెళ్లికాని పేదవాణ్ని ఆకులేని కొమ్మ అంటారట. అక్కడా ఆ కొమ్మ డబ్బున్న ఇంట్లో లేదు, పేదవాడి ఇంట్లోనే ఉంది.

అక్కచెల్లెళ్లారా, మీ సంగతి మరిచిపోలేదు. ఒంటరితనం మగవాళ్ల సొత్తేమీ కాదు. తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుల్లో 'సుమంగళి' పథకం పేరుతో ఏం చేశారో మీకు తెలుసు. మూడేళ్లు మిల్లు హాస్టల్లో ఉండి పనిచేస్తే పెళ్లి ఖర్చుకు మొత్తంగా డబ్బిస్తామని పదహారు, పదిహేడేళ్ల పిల్లలను తెచ్చి కాంపౌండు గోడల మధ్య పెట్టారు. పెళ్లి ఆశే వాళ్లకు సంకెల అయింది. మన లైనుల్లోనూ తమ్ముళ్లను చదివించడానికి, అప్పులు తీర్చడానికి పనిచేస్తూ పెళ్లి వయసు దాటిపోయిన అక్కలున్నారు. మొగుడు వదిలేసినవాళ్లున్నారు. చిన్న వయసులో బొట్టు పోయినవాళ్లున్నారు. మగవాడు పెళ్లి కాకుంటే నవ్వుతారు. ఆడది పెళ్లి కాకుంటే అనుమానిస్తారు. రెండూ రాళ్లు విసరడమే. విసిరేది కూడా మనమే.

ఇక తమ్ముళ్లకు ఒక హెచ్చరిక. రాత్రిపూట రూములో ఫోను చూస్తూ పడుకుంటారు. అందులో ఒకడు వచ్చి, నీకు పిల్ల దొరకకపోవడానికి కారణం ఆడవాళ్ల పొగరు, వాళ్ల చదువు, వాళ్ల ఉద్యోగం అని చెవిలో నూరిపోస్తాడు. ఇది కెనడా, అమెరికాల్లో ముందే జరిగింది. 1990లలో కెనడాలో ఒక అమ్మాయి, తోడు దొరకక బాధపడే ఆడ, మగ అందరూ ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవాలని ఒక వేదిక పెట్టింది. కొన్నేళ్లకు ఆ పేరునే కొందరు మగవాళ్లు 'ఇన్‌సెల్' అని చెప్పుకుంటూ ఆడవాళ్ల మీద విషం కక్కడానికి వాడుకున్నారు. 2018 ఏప్రిల్ 23న టొరంటో నగరంలో ఆ పిచ్చి తలకెక్కినవాడొకడు జనం మీదికి వ్యాను తోలాడు. పదకొండుమంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఓదార్పు కోసం పుట్టిన మాట హత్యకు జెండా అయింది. నీ కూలి కోసినవాడు, నీ పేరు మీద గీత గీసినవాడు పైనెక్కడో ఉంటే, కోపం పక్క లైనులో మిషను తొక్కే చెల్లెలి మీద చూపిస్తావా తమ్ముడూ? వాడికి కావలసింది అదే.

ఇంకో మాట. పెళ్లి కాకపోవడం వేరు, ఒంటరి కావడం వేరు. పెళ్లయిన ఒంటరివాళ్లూ మనలో ఎంతోమంది. ఇంటావిడ, పిల్లలు కదిరిలో, మనిషి హొసకోటెలో, మధ్యలో నెలకొక బస్సు టికెట్టు. నేనూ పదకొండేళ్లు అట్లాగే బతికాను. నా పెద్ద కూతురు నన్ను 'మామా' అని పిలిచిన రోజు ఉంది.

మన తెలుగు మిల్లు కార్మికులకు ఇది కొత్త కాదు. కరీంనగరు, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి మనవాళ్లు బొంబాయి మిల్లులకు పోయారు. 1921 లెక్కల్లో బొంబాయిలో వెయ్యిమంది మగవాళ్లకు ఆడవాళ్లు ఆరువందలు కూడా లేరు. ఒక్కో చాల్ గదిలో పదిమంది, పన్నెండుమంది మగవాళ్లు. వాళ్ల కష్టం మనకంటే తక్కువది కాదు. కానీ వాళ్లకు ఖానావళులు ఉండేవి. మిల్లు కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లు ఇరవై, ముప్ఫైమందికి వండిపెట్టేవాళ్లు. ఒక్కడు భోజనానికి రాకపోతే ఆ అక్కకు తెలిసేది. "వాడేడీ?" అని అడిగేది. అట్లా వండిపెట్టే ఆడవాళ్లనే కూడగట్టి 1975లో ప్రేమా పురవ్ అన్నపూర్ణ మహిళా మండలి పెట్టారు. 1982 జనవరి 18న రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగితే, ఆ సమ్మె ఏడాది దాటి సాగింది. ఒకరి ఆకలి ఒకరికి తెలిసినవాళ్లు కాబట్టే అన్నాళ్లు నిలబడ్డారు. సమ్మె ఓడింది. మిల్లులు మూతబడ్డాయి. కానీ వాళ్లు బతికిన తీరు ఓడలేదు.

మన బెంగళూరులోనూ బిన్నీ మిల్లు పేరు మీద ఒక పేటే వెలిసింది. ఇప్పుడు మిల్లున్న చోట పెద్ద పెద్ద అపార్టుమెంట్లు లేచాయి. మిల్లు పోతే పోయింది, కూత కూడా పోయింది. ఒకప్పుడు కూత వేస్తే వేలమంది ఒకేసారి బయటికొచ్చి, టీ కొట్టు దగ్గర నిలబడి, మంచీ చెడ్డా మాట్లాడుకుని ఇళ్లకు పోయేవాళ్లు. ఇప్పుడు ఎవడి వ్యాను వాడిది, ఎవడి చెవిలో పాట వాడిది.

ఒంటరితనం మనసుకు సంబంధించిన చిన్న బాధ అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఒక నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దాని మూలంగా ఏటా 8 లక్షల 71 వేలమంది, అంటే గంటకు దాదాపు వందమంది, చనిపోతున్నారని లెక్కగట్టింది. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఈ బాధ్యతను ఒక మంత్రికి అప్పగించాయి. మనకు మంత్రి ఎప్పుడు వస్తాడో తెలియదు. యూనియన్ మాత్రం ఉంది.

కాబట్టి కమిటీ తరఫున ఈ తీర్మానాలు మీ ముందు పెడుతున్నాను.

ఒకటి. ఏళ్ల తరబడి ఒకే పని చేస్తున్న కాంట్రాక్టు కార్మికులను పర్మినెంటు చేయాలన్న మన డిమాండు మొదటి స్థానంలోనే ఉంటుంది. ఇకమీదట దాని కింద ఇంకో వాక్యం రాస్తాము: 'కార్మికుడికి కాపురం పెట్టుకునే హక్కు ఉంది.' కార్మికులకు ఇళ్ల స్థలాల కోసం తాలూకా ఆఫీసు ముందు కూర్చుంటాము.

రెండు. రూములో ఉండేవాళ్లందరికీ వారం సెలవు ఒకేరోజు ఇవ్వాలి. పెళ్లిచూపులకు పోతే జీతం కోత పెట్టకూడదు. ఇది అడగడానికి ఎవరూ సిగ్గుపడొద్దు.

మూడు. రూముల రిజిస్టరు పెడుతున్నాము. ఒంటరిగా ఉండే ప్రతి సభ్యుడికి, సభ్యురాలికి ఇద్దరు పక్కవాళ్ల పేర్లు. ఒక్కరోజు చెప్పకుండా పనికి రాకపోతే ఆ రాత్రికే ఒకరు తలుపు కొట్టాలి. మూడో రోజు దాకా ఆగేది లేదు.

నాలుగు. పీఎఫ్ కాగితాలు. ప్రతి ఆదివారం ఆఫీసులో నేనే కూర్చుంటాను. కుటుంబం ఉన్నవాళ్లు కుటుంబంలోని వాళ్ల పేరే రాయాలి. కుటుంబం లేనివాళ్లు తమకు ఇష్టమైనవాళ్ల పేరు రాయొచ్చు. పెళ్లయితే పాతది చెల్లదు, మళ్లీ రాయాలి. పనిలో ఉండగా చనిపోయిన సభ్యుడికి పీఎఫ్‌తో పాటు ఏడు లక్షల దాకా బీమా కూడా ఉంది. చనిపోయినవాళ్ల పేరు ఉంటే మార్చండి.

అయిదు. మన ఆఫీసు హాలు పెళ్లిళ్లకు ఉచితం. కట్నం ఉండకూడదు, అంతే షరతు. కులం అడగము. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు ఊరంతా ఎదురుతిరిగినా మొదటి వితంతు వివాహం జరిపించారు. మొగుడు పోయిన చెల్లెలు మళ్లీ తోడు కోరుకుంటే మనం ఇంకా గుసగుసలాడుతున్నామంటే సిగ్గుచేటు. అయితే ఎవరినీ బలవంతం చేయడం ఉండదు. వద్దంటే వద్దే.

ఆరు. ఈ హాలులో పెళ్లికానివాళ్ల మీద జోకులు వేయకూడదు. వేసినవాడు నిలబడి క్షమాపణ చెప్పాలి. మొదటి క్షమాపణ నాది. ఎవరికి చెప్పాలో అతను లేడు కాబట్టి, మీకందరికీ చెబుతున్నాను.

తోడు దొరుకుతుందని యూనియన్ ఎవరికీ మాట ఇవ్వలేదు. అది ఇద్దరు మనుషుల మనసుల సంగతి. కానీ మన సభ్యుడు రాకపోతే "వాడేడీ?" అని అడిగేవాడు ఒకడుంటాడని మాట ఇవ్వగలదు. ఆ మాట ఇవ్వలేకపోతే ఈ రసీదు పుస్తకాలు, ఈ జెండా మనకెందుకు?

మదనపల్లె నుంచి ఆ చెల్లెలు వచ్చినప్పుడు అన్న పెట్టె విప్పింది. అందులో మడత విప్పని ఒక కొత్త చొక్కా, మన యూనియన్ చందా రసీదులు పందొమ్మిదేళ్లవి, వరుసగా పిన్ను చేసి ఉన్నాయి. ఒక్క నెల కూడా తప్పలేదు. అతను మనల్ని నా వాళ్లు అనుకున్నాడు మిత్రులారా. మనమే అనుకోలేదు.

ఇక మీరు చర్చించండి. మొదట వెనక వరుసలోవాళ్లు మాట్లాడాలని కోరుతున్నాను.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!